నేర్చిన విద్య, నేర్పే విద్య: విశ్వవిద్యాలయ అధ్యాపక శిక్షణ పరిణామం

కాళిదాసు 'మాళవికాగ్నిమిత్రం' నాటకంలో ఇద్దరు నాట్యాచార్యుల మధ్య వివాదం తలెత్తుతుంది. గణదాసు, హరదత్తుడు ఇద్దరూ తమ విద్యలో ఆరితేరినవారే. ఎవరు అధికులో తేల్చవలసిన బాధ్యత పండిత కౌశికి అనే పరివ్రాజికపై పడుతుంది. ఆమె ఆచార్యుల అభినయాన్ని పరీక్షించదు. వారు తీర్చిదిద్దిన శిష్యుల ప్రదర్శనను బట్టే నిర్ణయం జరగాలంటుంది. విద్య తెలిసి ఉండటం ఒక శక్తి అనీ, దానిని ఎదుటివారికి అందించగలగడం వేరొక శక్తి అనీ ఈ దేశం ఎన్నడో గ్రహించిందనడానికి ఈ ఘట్టం చాలిన నిదర్శనం.

అయితే ఆధునిక భారతదేశంలో ఉన్నత విద్యావ్యవస్థ రూపుదిద్దుకున్న తీరులో ఈ వివేకం చాలాకాలం కనిపించలేదు. అయిదవ తరగతి పిల్లవానికి లెక్కలు చెప్పేవారికి శిక్షణ తప్పనిసరి అయింది. పట్టభద్ర తరగతులలో గణితం బోధించేవారికి మాత్రం ఉన్నత శ్రేణిలో ఎం.ఎ. లేదా ఎం.ఎస్‌సి. ఉంటే చాలునన్న భావన స్థిరపడింది. ఈ భావన ఎలా ఏర్పడింది, దానిని సవరించడానికి ఎటువంటి ప్రయత్నాలు జరిగాయి, ఆ ప్రయత్నాలు పరిశోధక విద్యార్థి దాకా రావడానికి ఇంతకాలం ఎందుకు పట్టింది అన్నవి పరిశీలింపదగిన ప్రశ్నలు.

వీధిబడి నేర్పిన పాఠం

నేర్చుకుంటున్నవాడే నేర్పడం తెలుగునాట కొత్త సంగతి కాదు. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో ఆదేశంతో రాజధానిలోని దేశీయ పాఠశాలల వివరాలను కలెక్టర్లు సేకరించారు. అప్పటి బళ్ళారి కలెక్టరు ఎ. డి. కాంబెల్ 1823లో సమర్పించిన నివేదిక వాటిలో ప్రసిద్ధమైనది. 1816లో తెలుగు వ్యాకరణాన్ని ప్రకటించిన కాంబెల్ ఈయనే. బళ్ళారి జిల్లాలోని తెలుగు, కన్నడ బడులను వర్ణిస్తూ, పై స్థాయి విద్యార్థులు కింది స్థాయివారికి పాఠం చెప్పే పద్ధతిని ఆయన మెచ్చుకున్నాడు. చెప్పేవాడికి కూడా దీనివల్ల తాను నేర్చినది గట్టిపడుతుందని గుర్తించాడు. ఇంగ్లండులో సైతం ఈ పద్ధతిని అనుకరించడం తగిన పనేనని రాశాడు.

ఆ అనుకరణకు మూలం కూడా మద్రాసే. ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమానికి 1789 నుంచి పర్యవేక్షకుడిగా ఉన్న ఆండ్రూ బెల్, ఇసుకలో అక్షరాలు దిద్దే దేశీయ బడి పద్ధతిని చూసి తన పాఠశాలలో ప్రవేశపెట్టాడు. పెద్ద పిల్లల చేత చిన్న పిల్లలకు చెప్పించాడు. 1797లో దానిపై ఒక పుస్తకం ప్రకటించాడు. 'మద్రాసు పద్ధతి' అన్న పేరుతో అది ఇంగ్లండులో వ్యాపించింది. అక్కడ అది పేద పిల్లలకు చౌకగా చదువు చెప్పే ఉపాయంగా మారిపోయిన మాట నిజమే. కాని పెద్దల కనుసన్నలలో చెప్పి చూడటం వల్ల చెప్పడం అలవడుతుందన్న మూలసూత్రం విలువైనది.

1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసులలో విశ్వవిద్యాలయాలు వెలసినప్పుడు ఈ సూత్రానికి వాటిలో చోటు దొరకలేదు. లండన్ విశ్వవిద్యాలయం నమూనాపై ఏర్పడిన ఆ సంస్థలు ప్రధానంగా పరీక్షలు జరిపి పట్టాలిచ్చే సంస్థలు. బోధన అనుబంధ కళాశాలల పని. విశ్వవిద్యాలయాలు స్వయంగా బోధన, పరిశోధన చేపట్టడానికి 1904 నాటి భారత విశ్వవిద్యాలయాల చట్టం మార్గం సుగమం చేసింది. పరీక్షే ప్రధానమైన వ్యవస్థలో పరీక్షలో నెగ్గినవాడే బోధనకు అర్హుడు కావడం సహజ పరిణామం. ఆ పరిణామపు నీడ నేటికీ తొలగిపోలేదు.

సైదాపేటలో ఒక శిక్షణార్థి

ఈ నేపథ్యంలో డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ జీవితంలోని ఒక చిన్న ఘట్టం గుర్తుచేసుకోదగినది. ఆయన 1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాల తత్వశాస్త్ర శాఖలో ఉద్యోగంలో చేరారు. ప్రభుత్వ విద్యాశాఖ నియమానుసారం 1910లో సైదాపేటలోని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు వెళ్ళవలసి వచ్చింది. అక్కడ మనస్తత్వశాస్త్రంలో ఆయనకున్న పాండిత్యాన్ని గుర్తించి, తోటి శిక్షణార్థులకు ఆయన చేతనే ఉపన్యాసాలిప్పించారు. ఆ ఉపన్యాసాలు 1912లో గ్రంథరూపం దాల్చాయి.

శిక్షణ కోసం వెళ్ళిన యువకుడు తోటివారి ఎదుట నిలిచి బోధించడం, ఆ బోధన నుంచి ఒక పుస్తకం రూపొందడం ఆసక్తికరమైన విషయం. కాని రాధాకృష్ణన్ అనుభవం నాటి కళాశాల అధ్యాపకులలో అందరిదీ కాదు. శిక్షణ పట్టా ప్రధానంగా ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయుల కోసం ఉద్దేశించినది. విశ్వవిద్యాలయాలు విస్తరించిన కొద్దీ, కళాశాల అధ్యాపకునికి శిక్షణతో నిమిత్తం లేదన్న అభిప్రాయమే బలపడింది. 1918లో హైదరాబాదులో ఉస్మానియా, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వెలసినప్పుడు కూడా అధ్యాపకుల ఎంపికలో పాండిత్యమే గీటురాయి. బోధనలోని మెలకువలను ప్రతివాడూ తన గురువును గుర్తుచేసుకుంటూ, తన తరగతి గదిలో తానే తంటాలు పడి నేర్చుకున్నాడు.

అలా నేర్చుకున్నవారిలో మహోపాధ్యాయులు లేకపోలేదు. వారిని చూసిన తరాలు 'బోధన పుట్టుకతో రావాలి గాని నేర్పితే వచ్చేది కాదు' అన్న నిర్ణయానికి వచ్చాయి. సంగీతం విషయంలో ఈ మాట ఎవరూ అనరు. పుట్టుకతో వచ్చిన గాత్రం ఉన్నవాడు సైతం గురువు ఎదుట కూర్చుని సరళీ స్వరాలతోనే మొదలుపెడతాడు. ఉన్నత విద్యాబోధనకు మాత్రం సరళీ స్వరాలు అక్కరలేదనుకోవడం విచిత్రం.

కమిషన్ల ఆలోచనలు

స్వాతంత్ర్యానంతరం ఉన్నత విద్యను సమీక్షించడానికి 1948లో ఏర్పాటైన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌కు రాధాకృష్ణనే అధ్యక్షులు. 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా పనిచేసిన అనుభవం ఆయనకు ఉంది. 1949లో వెలువడిన నివేదిక ఆచార్యులు, రీడర్లు, లెక్చరర్లు, ఇన్‌స్ట్రక్టర్లు అనే నాలుగు శ్రేణుల అధ్యాపక వ్యవస్థను సూచించింది. వారితోపాటు విశ్వవిద్యాలయాలలో పరిశోధక ఫెలోలు ఉండాలన్నది. ఉన్నత పాఠశాలల, ఇంటర్మీడియట్ కళాశాలల ఉపాధ్యాయులకు సెలవులలో పునశ్చరణ తరగతులు విరివిగా జరపాలని సిఫార్సు చేసింది. బోధకుడు తన విద్యను ఎప్పటికప్పుడు పదును పెట్టుకోవాలన్న ఆలోచనకు జాతీయ స్థాయిలో ఇది ఒక గుర్తింపు.

1964-66 నాటి కొఠారి కమిషన్ మరో అడుగు ముందుకు వేసింది. కొత్తగా చేరిన లెక్చరరును మొదటి రోజునే తరగతి గదిలోకి తోసివేయడం సరికాదని అది భావించింది. విద్యాసంవత్సరం ఆరంభంలో కొత్తవారికి కొన్ని వారాల పరిచయ తరగతులు ఉండాలనీ, అనుభవజ్ఞులైన అధ్యాపకులు కూడా వాటిలో పాల్గొనాలనీ సూచించింది. పెద్ద విశ్వవిద్యాలయాలలో వీటికోసం శాశ్వత ప్రాతిపదికపై ఒక స్టాఫ్ కళాశాలను నెలకొల్పవచ్చునని పేర్కొన్నది. ఆ సూచన కార్యరూపం ధరించడానికి రెండు దశాబ్దాలు పట్టింది.

ఈ మధ్యకాలంలో ఇతర మార్గాలలో కొంత పని జరిగింది. 1960 దశకంలో వేసవి శిక్షణ శిబిరాలు వచ్చాయి. పాలిటెక్నిక్ అధ్యాపకుల కోసం మద్రాసు, కలకత్తా, భోపాల్, చండీగఢ్‌లలో సాంకేతిక అధ్యాపక శిక్షణ సంస్థలు ఏర్పడ్డాయి. ఇంజనీరింగు అధ్యాపకుల కోసం 1970లో గుణాత్మకాభివృద్ధి పథకం ఆరంభమైంది. అయిదవ పంచవర్ష ప్రణాళికలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం అనుబంధ కళాశాలల అధ్యాపకులకు ఫెలోషిప్పులిచ్చి ఎం.ఫిల్., పిహెచ్.డి. చేసుకునే అవకాశం కల్పించింది. అయితే ఈ ఫెలోషిప్పులు పెంచినది ప్రధానంగా విషయ పరిజ్ఞానాన్నే. బోధన నేర్పడం వాటి లక్ష్యం కాదు.

హైదరాబాదు ప్రయోగాలు

ఉన్నత విద్యలో బోధననే ఒక శాస్త్రంగా స్వీకరించిన తొలి సంస్థలలో ఒకటి హైదరాబాదులో వెలసింది. 1958లో ఏర్పడిన కేంద్రీయ ఆంగ్ల సంస్థకు సుప్రసిద్ధ కన్నడ కవి, విమర్శకుడు వి. కె. గోకాక్ తొలి సంచాలకులు. దేశం నలుమూలల నుంచి వచ్చిన కళాశాల, విశ్వవిద్యాలయ అధ్యాపకులు అక్కడ మళ్ళీ విద్యార్థులయ్యారు. షేక్‌స్పియరును అనేక సంవత్సరాలు బోధించిన వ్యక్తి సైతం, ఇంట్లో ఇంగ్లీషు మాట వినని విద్యార్థికి ఆ భాషలో ఒక వాక్యం ఎలా నేర్పాలన్న ప్రశ్న ఎదుట తిరిగి ఓనమాలు దిద్దవలసి వచ్చింది. సాహిత్యం తెలియడం వేరు, భాష నేర్పడం వేరు అన్న ఎరుక కలిగించడమే ఆ సంస్థ సాధించిన మొదటి విజయం. అది 2007లో ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయంగా కేంద్రీయ విశ్వవిద్యాలయ హోదా పొందింది.

వ్యవసాయ రంగంలో ఇటువంటి కృషికి 1976లో హైదరాబాదు శివారు రాజేంద్రనగర్‌లో నెలకొన్న సంస్థ వేదికైంది. జాతీయ వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీగా ప్రసిద్ధమైన ఈ సంస్థ కొత్తగా నియమితులైన శాస్త్రవేత్తలకు ప్రాథమిక శిక్షణ ఇస్తూ వచ్చింది. ప్రయోగశాలలో నిష్ణాతుడైన వ్యక్తి తన విద్యను ఇతరులకు అందించడం కూడా వృత్తిలో భాగమేనన్న దృష్టి దాని వెనుక ఉంది.

స్టాఫ్ కళాశాలల యుగం

1983లో ప్రభుత్వం ఉపాధ్యాయుల స్థితిగతుల పరిశీలనకు రెండు జాతీయ కమిషన్లను నియమించింది. పాఠశాల ఉపాధ్యాయుల కమిషన్‌కు ఆచార్య డి. పి. చట్టోపాధ్యాయ, ఉన్నత విద్య కమిషన్‌కు ఆచార్య రయీస్ అహమద్ అధ్యక్షత వహించారు. అధ్యాపకుల వేతనాలను సమీక్షించిన ఆచార్య ఆర్. సి. మెహ్రోత్రా సంఘం 1986లో నివేదిక ఇచ్చింది. అదే సంవత్సరం జాతీయ విద్యావిధానం వెలువడింది. ఈ ఆలోచనల ఫలితంగా 1987 నుంచి విశ్వవిద్యాలయాలలో అకడమిక్ స్టాఫ్ కళాశాలలు ఏర్పడసాగాయి. మొదట 48 కేంద్రాలతో తలపెట్టిన ఈ పథకం క్రమంగా 66 కేంద్రాలకు విస్తరించింది. ఉస్మానియా, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం, జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం, తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం వంటివి ఈ కేంద్రాలకు ఆశ్రయమిచ్చాయి.

కొత్త అధ్యాపకులకు నాలుగు వారాల ఓరియంటేషన్ కోర్సు, అనుభవం గడించినవారికి మూడు వారాల పునశ్చరణ కోర్సు వీటి ప్రధాన కార్యక్రమాలు. ఓరియంటేషన్ కోర్సు 24 పనిదినాలలో 144 గంటలు, పునశ్చరణ కోర్సు 18 పనిదినాలలో 108 గంటలు సాగేది. సమాజం, పర్యావరణం, అభివృద్ధి, విద్యల పరస్పర సంబంధం ఓరియంటేషన్ పాఠ్యక్రమంలో మొదటి భాగం. విద్యాతత్వం, భారతీయ విద్యావ్యవస్థ, బోధనశాస్త్రం రెండవది. జ్ఞానవనరుల పరిచయం మూడవది. నిర్వహణ, వ్యక్తిత్వ వికాసం నాలుగవది.

ఈ శిక్షణలో కొన్నిచోట్ల ప్రవేశించిన సూక్ష్మబోధన పద్ధతి ప్రత్యేకంగా పేర్కొనదగినది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 1960 దశకంలో రూపొందిన ఈ పద్ధతిని మన దేశ పరిస్థితులకు అనుగుణంగా మలచడంలో జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి, బరోడాలోని విద్యా ఉన్నతాధ్యయన కేంద్రం కృషి చేశాయి. శిక్షణార్థి తోటివారినే విద్యార్థులుగా భావించి 6 నిమిషాలు పాఠం చెబుతాడు. తరువాతి 6 నిమిషాలు వారు గుణదోషాలు చెబుతారు. 12 నిమిషాలలో అతడు పాఠాన్ని సరిచేసుకుంటాడు. మళ్ళీ 6 నిమిషాలు బోధిస్తాడు, మరో 6 నిమిషాలు విమర్శ వింటాడు. మొత్తం 36 నిమిషాల ఈ ఆవృత్తిలో ఒకే ఒక్క నైపుణ్యంపై దృష్టి ఉంటుంది. అది ప్రశ్న వేయడం కావచ్చు, ఉదాహరణ ఇవ్వడం కావచ్చు, నల్లబల్లను వినియోగించడం కావచ్చు. చెప్పడం, వినడం, సరిదిద్దుకోవడం, మళ్ళీ చెప్పడం అనే ఈ క్రమం ఏ విద్యకైనా వర్తించే సాధనాక్రమమే.

స్టాఫ్ కళాశాలలు మరో మేలు కూడా చేశాయి. మారుమూల కళాశాలలో ఒంటరిగా ఉన్న చరిత్ర అధ్యాపకుడు, మరో జిల్లాలోని రసాయనశాస్త్ర అధ్యాపకురాలు ఒకే బల్ల దగ్గర కూర్చుని తమ తరగతి గదుల గురించి మాట్లాడుకునే అవకాశం ఏర్పడింది. అధ్యాపకులు పాఠ్యాంశాల గురించి చర్చించుకోవడం కొత్త కాదు. బోధించేటప్పుడు తమకు కలిగే ఇబ్బందులను సంకోచం లేకుండా చెప్పుకోవడం మాత్రం చాలామందికి కొత్త అనుభవం.

లోపాలూ లేకపోలేదు. పదోన్నతికి ఈ కోర్సులు షరతు కావడంతో, వచ్చేవారిలో కొందరికి శిక్షణ కన్నా ధ్రువపత్రమే గమ్యమైంది. ఉపన్యాసం ఒక్కటే బోధన కాదన్న విషయాన్ని సైతం గంటల తరబడి ఉపన్యాసాల ద్వారానే చెప్పిన సందర్భాలున్నాయి. వీటన్నింటి కన్నా మౌలికమైన పరిమితి ఒకటుంది. ఈ శిక్షణ నియామకం తరువాత లభించేది. కోర్సుకు పిలుపు వచ్చేనాటికి ఆ అధ్యాపకుడు అప్పటికే కొన్ని తరగతుల విద్యార్థులకు బోధించి ఉండేవాడు. అతని అలవాట్లు స్థిరపడి ఉండేవి.

అర్హత పరీక్ష, తరగతి గది

నియామకానికి ముందు జరిగేది శిక్షణ కాదు, పరీక్ష. 1988 జూలైలో కేంద్ర ప్రభుత్వం లెక్చరర్ల అర్హత పరీక్ష నిర్వహణను నిధుల సంఘానికి అప్పగించింది. తొలి జాతీయ అర్హత పరీక్ష 1989 డిసెంబరు, 1990 మార్చి నెలలలో రెండు విడతలుగా జరిగింది. 'నెట్' అన్న పేరుతో అది విద్యావంతుల ఇళ్ళలో నిత్యవ్యవహారమైంది. రాష్ట్ర స్థాయిలో ఇటువంటి అర్హత పరీక్షలు తరువాత వచ్చాయి.

అర్హతకు దేశవ్యాప్తంగా ఒక కనీస ప్రమాణం ఏర్పరచిన మేలు ఈ పరీక్షకు దక్కుతుంది. ఇందులోని మొదటి పత్రం బోధన, పరిశోధన అభిరుచులకు సంబంధించినది. అయితే మంచి ప్రశ్న ఏదో నాలుగు సమాధానాలలో గుర్తించడం ఒకటి, అరవై మంది ఎదుట నిలిచి అటువంటి ప్రశ్న వేయడం మరొకటి. వెనుక బల్లలో తలవంచుకున్న విద్యార్థి చేత దానికి సమాధానం చెప్పించడం ఇంకొకటి. ఈత గురించిన ప్రశ్నలకు సరైన జవాబులు రాసినవాడికి నీళ్ళలో దిగిన అనుభవం ఉండాలన్న నియమం లేదు.

పరిశోధన పట్టా విషయంలోనూ ఇదే వరుస. పిహెచ్.డి. విద్యార్థి అయిదారేళ్ళు ఒక సూక్ష్మమైన అంశంపై కృషి చేస్తాడు. పర్యవేక్షకుడు అతనికి ఆధారాలు సేకరించడం, పరీక్షించడం, సిద్ధాంత వ్యాసం రాయడం నేర్పుతాడు. ఆ పట్టా పుచ్చుకున్నవారిలో అధికులు చేయదలచిన ఉద్యోగం బోధన. దానిని గురించి ఆ ఏళ్ళన్నింటిలో ఎవరూ ప్రస్తావించకపోవడం అసహజంగా తోచలేదు. మరోవంక పరిశోధక విద్యార్థులు అతిథి అధ్యాపకులుగా తరగతులు తీసుకోవడం అనేక విశ్వవిద్యాలయాలలో పరిపాటి అయింది. అంటే వారు బోధించడానికి అవరోధం లేదు. లోపించినది ఆ బోధనను గమనించి సరిదిద్దే పెద్ద ఒక్కరే.

ఐ.ఐ.టి.లలో ఉపకారవేతనం పొందే ఎం.టెక్., పిహెచ్.డి. విద్యార్థులు వారానికి కొన్ని గంటలు ట్యుటోరియళ్ళలో, ప్రయోగశాలల్లో సహాయకులుగా పనిచేసే ఏర్పాటు ముందునుంచీ ఉంది. అమెరికా విశ్వవిద్యాలయాలలో ఈ సంప్రదాయం విస్తృతంగా వేళ్ళూనుకొన్నది. మిషిగన్ విశ్వవిద్యాలయం 1962లోనే బోధన, అభ్యసనాల పరిశోధనకు ప్రత్యేక కేంద్రం నెలకొల్పింది. 1993లో అక్కడ పరిశోధక విద్యార్థులను భావి అధ్యాపకులుగా సిద్ధం చేసే జాతీయ కార్యక్రమం ఒకటి ఆరంభమైంది. కాని అక్కడ కూడా పని అప్పగించడం ముందు వచ్చింది, పని నేర్పడం తరువాత వచ్చింది.

పరిశోధక విద్యార్థి వైపు

మన దేశంలో ఈ దిశగా నిర్ణయాత్మకమైన మాట 2020 జాతీయ విద్యావిధానంలో వినిపించింది. ఏ శాస్త్రానికి చెందినవారైనా, పిహెచ్.డి.లో కొత్తగా చేరే ప్రతి విద్యార్థీ తన విషయానికి సంబంధించిన బోధన, రచనలలో క్రెడిట్లతో కూడిన కోర్సులు చేయాలని అది నిర్దేశించింది. 2022 నవంబరులో నిధుల సంఘం ప్రకటించిన పిహెచ్.డి. నిబంధనలు దీనికి చట్టబద్ధత కల్పించాయి. వాటి ప్రకారం పరిశోధక విద్యార్థులందరూ తమ విషయంలో బోధన శిక్షణ పొందాలి. ట్యుటోరియళ్ళు, ప్రయోగశాలలు, మూల్యాంకనాలలో సహాయకులుగా వారికి వారానికి 4 నుంచి 6 గంటల పని అప్పగించవచ్చు. అవే నిబంధనలు ఎం.ఫిల్. పట్టాకు స్వస్తి పలికాయి.

అకడమిక్ స్టాఫ్ కళాశాలలు 2015లో మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలయ్యాయి. 2014లో ప్రారంభమైన పండిత మదన్‌మోహన్ మాలవీయ జాతీయ అధ్యాపక, బోధన కార్యక్రమం కొనసాగింపుగా 2023 సెప్టెంబరు 5న మాలవీయ మిషన్ అధ్యాపక శిక్షణ కార్యక్రమం మొదలైంది. ఆ కేంద్రాలు దానిలో భాగమయ్యాయి. కొత్త అధ్యాపకుల కోసం 'గురు దక్షత' పేరిట నెల రోజుల ప్రవేశ శిక్షణకు మార్గదర్శిని రూపొందింది. ఇన్ని మార్పుల నడుమ 2022 నిబంధనలోని ఆ ఒక్క వాక్యమే చరిత్ర దృష్ట్యా గొప్ప మలుపు. ఉద్యోగం వచ్చాక నేర్చుకోవలసినదిగా భావించిన విద్యను, ఉద్యోగానికి ముందే నేర్వవలసిన విద్యగా అది గుర్తించింది.

గుర్తించడం వేరు, నెరవేర్చడం వేరు. 1949 నుంచి నడచిన చరిత్ర ఇందులో మూడు జాగ్రత్తలు బోధిస్తున్నది. మొదటిది, ఈ శిక్షణ మరో ఉపన్యాసాల వరుసగా మారకూడదు. పరిశోధక విద్యార్థి చేత పాఠం చెప్పించాలి. పాఠ్యప్రణాళిక తయారు చేయించాలి. ప్రశ్నపత్రం రాయించాలి. దిద్దిన జవాబుపత్రాలను తిరిగి పరిశీలించాలి. సూక్ష్మబోధన ఆవృత్తి తోటివారి మధ్య మొదలై నిజమైన తరగతి గదిలో ముగియాలి. రెండవది, వారానికి ఆరు గంటల పని చౌకగా లభించే శ్రమగా దిగజారకూడదు. మద్రాసు పద్ధతి ఇంగ్లండులో పొందిన గతి ఇందుకు హెచ్చరిక. ఆ గంటలలో పర్యవేక్షకుడు ఒక్కసారైనా వెనుక బల్లపై కూర్చుని వినకపోతే అది శిక్షణ అనిపించుకోదు. మూడవది, ధ్రువపత్రం గమ్యం కాకూడదు. స్టాఫ్ కళాశాలల అనుభవం ఇందుకు సాక్ష్యం.

తెలుగు రాష్ట్రాల సందర్భంలో నాలుగవ జాగ్రత్త కూడా అవసరం. అది భాషకు సంబంధించినది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ఉన్నత విద్యకు తెలుగులో పాఠ్యగ్రంథాలను, పారిభాషిక పదజాలాన్ని సమకూర్చింది. పరిశోధక విద్యార్థి తన విషయాన్ని సాధారణంగా ఇంగ్లీషులో చదివి, ఇంగ్లీషులో రాసి పట్టా పొందుతాడు. జిల్లా కేంద్రంలోని డిగ్రీ కళాశాలలో అతని ఎదుట కూర్చునే విద్యార్థులలో పదో తరగతి వరకు తెలుగులో చదివినవారు గణనీయంగా ఉంటారు. ఇంగ్లీషు పాఠ్యపుస్తకంలోని భావాన్ని తెలుగు మాటలో విప్పి, తిరిగి ఇంగ్లీషు పదం దగ్గరకు చేర్చడం ఒక ప్రత్యేక నైపుణ్యం. ఆరు నిమిషాల అభ్యాస పాఠాలలో కొన్నయినా ఇలా రెండు భాషల మధ్య సాగితేనే ఆ నైపుణ్యం అలవడుతుంది.

వెల ఎవరిది?

శిక్షణ లేని అధ్యాపకుడు కూడా కాలక్రమంలో మంచి అధ్యాపకుడు కావచ్చు. అనేకులు అయ్యారు. కాని అతడు నేర్చుకునే ఆ మూడు నాలుగు సంవత్సరాల వెల ఎవరు చెల్లిస్తున్నారన్నది ఆలోచించవలసిన విషయం. ఇంట్లో చదువు చెప్పగలవారు, ట్యూషను పెట్టించగలవారు ఉన్న విద్యార్థి అధ్యాపకుని పొరపాట్లను తట్టుకోగలడు. కుటుంబంలో మొదటిసారిగా కళాశాల గడప తొక్కిన రైతు కూలీ బిడ్డకు, నేత కార్మికుని బిడ్డకు తరగతి గదే సర్వస్వం. అక్కడ అర్థం కాని పాఠం అతనికి మరెక్కడా అర్థం కాదు. పైగా లోపం పాఠంలో ఉందని అతడు అనుకోడు. తనలోనే ఉందనుకొని మౌనంగా చదువు నుంచి తప్పుకుంటాడు. ఆ విద్యార్థి కోల్పోయేది ఏ వార్షిక నివేదికలోనూ బోధన లోపం కింద నమోదు కాదు.

బోధనను ముందుగా నేర్పాలన్న నియమం అంతిమంగా అటువంటి విద్యార్థి కోసమే. విశ్వవిద్యాలయ శాఖలు ఆ నియమాన్ని తమ కాలపట్టికలో ఒక గంటగా, ఆచార్యుల పనిభారంలో ఒక లెక్కగా, పరిశోధక విద్యార్థి ప్రగతి నివేదికలో ఒక అంశంగా చేర్చుకున్ననాడు అది ఆచరణలోకి వచ్చినట్టు. నాటకంలోని పరివ్రాజిక ఆచార్యుల విద్యను శిష్యులలో చూడాలన్నది. నేటి విశ్వవిద్యాలయం కూడా తాను తయారుచేసే అధ్యాపకుని విలువను అతని సిద్ధాంత వ్యాసంతోపాటు, అతని మొదటి తరగతిలో వెనుక బల్లపై కూర్చున్న విద్యార్థి నోటుపుస్తకంలో కూడా వెదకవలసి ఉన్నది.